ఎనిమిదికి ఎడమ వంపు

ఎనిమిది చాలా కష్టమైన అంకె. మా ప్రాంతపు సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఈ సంగతి, హోదా వచ్చిన ఎనిమిదో ఏడు నిండాక గాని తెలిసిరాలేదు. ఒకటి అయితే ఏ గొడవా లేదు, పిల్లల్ని లైన్లో నిలబెడితే అయిపోతుంది. ఏడును ఎన్‌సీసీ వాళ్లు చూసుకోగలరు. సున్నాకు అసలు ఎవర్నీ నిలబెట్టక్కర్లేదు, ప్లేస్‌మెంట్ సెల్ నోటీసు బోర్డు మీద అది ఎప్పుడూ ఉంటుంది. ఎనిమిది అలా కాదు. రెండు సున్నాలుండాలి, అవి ఒకదాన్నొకటి తాకాలి, తాకిన చోట ఎవరు నిలబడాలో తేల్చడానికి ఒక కమిటీ ఉండాలి. ఆ కమిటీకి టీ బిల్లు ఉండాలి.

విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే వచ్చే ఏడాది కార్డు రాదు, అక్కడ భోజనాలు బాగుంటాయి. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో ఎక్కడో ఉందనుకోండి. నాలుగైదింటిని కలిపి ఒకటిగా రాశానన్నా నేను కాదనను.

కార్డు మీద ‘విశ్వవిద్యాలయ హోదా ప్రాప్తి అష్టమ వార్షిక మహోత్సవము’ అని బంగారు రంగులో అచ్చేశారు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేల ఇది. ఆయన ఆత్మ శాంతించకుండా మా రిజిస్ట్రార్ ఆఫీసు ఏటా జాగ్రత్త పడుతుంది.

అయిదో ఏడో పదో ఏడో అయితే సరే, ఎనిమిదో ఏడు పండగేమిటని అడిగేవాళ్లుంటారు. అయిదో ఏడు వీసీ లేరు, ఇన్‌ఛార్జి ఉన్నారు. ఇన్‌ఛార్జి అంటే ఫైలు చూస్తారు గాని సంతకం పెట్టరు. పదో ఏడు దాకా ఆగుదామంటే, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం ఆగదు. అసలు సంగతి అదీ. అప్పటికి నాక్ వాళ్లు నాలుగుకు మార్కులు వేసేవాళ్లు. 3.51కి చేరితే ఏ ప్లస్ ప్లస్, 3.01కి చేరితే ఉత్త ఏ, 3.00 దగ్గర ఆగితే బీ ప్లస్ ప్లస్. ఆ మార్కుల కోసం పంపే నివేదికకు ఫొటోలు జతచేయాలి, ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. క్లాసులో పాఠం జరిగితే ఎవరూ ఫొటో తీయరు కాబట్టి అది జరగనట్టే. పాఠం జరగకపోయినా ఫొటో ఉంటే జరిగినట్టే. పర్యావరణ విభాగం ఫైలు నేను చూశాను. నాలుగేళ్లుగా మొక్కలు నాటుతున్నారు, నాలుగేళ్లుగా ఒకటే గొయ్యి. అతిథి మారాడు, మొక్క మారింది, అక్షాంశం మాత్రం దశాంశంతో సహా మారలేదు.

హోదా అంటే ఏమిటో తెలియనివాళ్లకు క్లుప్తంగా చెబుతాను. సోమవారం అది కాలేజీ. మంగళవారం శాసనసభలో చెయ్యెత్తారు. బుధవారం అది విశ్వవిద్యాలయం. అవే గదులు, అదే వాటర్ ట్యాంకు, ట్యాంకు కింద అదే నాచు. ప్రిన్సిపాల్ గది తలుపు మీద బోర్డు మారింది, గది ముందు కారు మారింది, గవర్నర్ గారు ఛాన్సలర్ అయ్యారు, పరీక్ష ఫీజు పెరిగింది. ఇవి తప్ప ఇంకేం మారిందని నేను అడిగితే ఒక ప్రొఫెసర్ నొచ్చుకున్నారు. ‘2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో చెప్పిన హోదా రాష్ట్రానికి ఎటూ రాలేదు. మాకైనా ఒకటి వచ్చింది, పండగ చేసుకోనివ్వండి సార్’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఉత్తరాంధ్రకు సాంకేతిక విద్యలో పాత బాకీ ఒకటుంది. 1946లో విశాఖపట్నం పేరు పెట్టుకుని పుట్టిన ఇంజనీరింగ్ కాలేజీ కాకినాడ వెళ్లి అక్కడే స్థిరపడిపోయింది. 1972 అక్టోబర్ 2న జేఎన్‌టీయూ పుట్టినప్పుడు అందులో కాకినాడ ఉంది, అనంతపురం ఉంది, హైదరాబాద్ ఉంది, మనం లేం. 2008లో దాన్ని నాలుగు విశ్వవిద్యాలయాలు చేసినప్పుడూ మనకు బోర్డు రాలేదు. మార్కుల మెమోలో ఇంటిపేరు తప్పు పడితే ఇచ్ఛాపురం కుర్రాడు రాత్రి రైలెక్కి కాకినాడ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. దిద్దకుండా ఇక్కడి నుంచే పంపించేస్తున్నారు.

సభ సంగతి తొందరగా ముగిస్తాను, వాళ్లు ముగించలేదు గాని. పదింటికన్నారు, ముఖ్య అతిథి విశాఖ నుంచి వచ్చేసరికి పన్నెండు దగ్గర పడింది. పొందూరు ఖద్దరు బస్సెక్కి వెళ్తే దొరికే చోట అతిథులకు మెరిసే నైలాన్ శాలువాలు కప్పారు, ఆ ఉక్కపోతలో. తలొక బుల్లి బొబ్బిలి వీణ ఇచ్చారు. ముఖ్య అతిథి ప్రసంగంలో క్వాంటమ్ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టే పని వెనక వరసలో సీఎస్ఈ పిల్లలు పెట్టుకున్నారు, మధ్యలో కరెంటు పోయింది కాబట్టి లెక్క తేలలేదు. ఆ తర్వాత క్వాంటమ్ పరిశోధన కేంద్రానికి రిబ్బన్ కట్ చేశారు. లోపల ఏముందో చూద్దామని నేనూ తల దూర్చాను. నిరుటి వార్షికోత్సవం ఫ్లెక్సీ కప్పిన యూటీఎం మెషిన్ ఉంది. ఇనప కడ్డీని లాగి అది ఎక్కడ తెగుతుందో చూసే యంత్రం అది. ఫ్లెక్సీ మీద నిరుటి ముఖ్య అతిథి నవ్వుతున్నాడు.

వక్తలంతా మన ప్రాంతపు ఘన విద్యా వారసత్వాన్ని తలచుకున్నారు. తలచుకోవాల్సిందే. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఇవాళ్టి మన నిబంధనల్లో ఆ ఇద్దరినీ పెట్టి చూడండి. దాసు గారికి పీహెచ్‌డీ లేదు, అంతర్జాతీయ జర్నల్లో పేపర్ లేదు. హరికథలో ఆయన ఒంటిచేత్తో ఏం చేసినా స్కోరులోకి రాదు. గెస్ట్ ఫ్యాకల్టీగా తీసుకుని గంటకింతని ఇచ్చేవాళ్లు. వేసవి సెలవులకు ముందురోజు ‘సార్, జూన్‌లో ఫోన్ చేస్తాం’ అనేవాళ్లు. ఇదేమీ నేను కల్పించి చెప్పడం లేదు. రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలన్నిటిలో కలిపి 3,000కు పైగా బోధన పోస్టులకు 2023లో నోటిఫికేషన్లు వచ్చి కోర్టు మెట్ల మీద ఆగాయి. ఈ లోగా పాఠాలు చెబుతున్నది ఆ ‘జూన్‌లో ఫోన్ చేస్తాం’ వాళ్లే. సభలో వాళ్లకు కుర్చీలు లేవు, మంచినీళ్ల సీసాలు పంచే డ్యూటీ ఉంది.

ఇక ఎనిమిది.

ఆలోచన మొదట్లో చాలా గొప్పగానే ఉంది. వెయ్యి మంది పిల్లలు తెల్ల టీషర్టులు వేసుకుని గ్రౌండులో ఎనిమిది ఆకారంలో నిలబడతారు, పైనుంచి డ్రోన్ ఫొటో తీస్తుంది, కింద అక్షాంశం పడుతుంది. తెలుగు అంకె వేద్దామని ఒకాయన అన్నారట. తెలుగు ఎనిమిది ఎలా ఉంటుందో కమిటీలో ఎవరికీ గుర్తురాక ఆ ప్రతిపాదన వీగిపోయింది.

ముగ్గు వేసే బాధ్యత సివిల్ డిపార్ట్‌మెంటుకు ఇచ్చారు. వాళ్లు టోటల్ స్టేషన్ బయటికి తీశారు. ఇది సర్వేకి వాడే ఖరీదైన పరికరం. పాడవుతుందని పిల్లలకు ఎప్పుడూ ముట్టనివ్వరు. ఆ రోజు మాత్రం బీరువాలోంచి వచ్చి ఎండ చూసింది. చుట్టూ మూగిన మూడో సంవత్సరం సివిల్ పిల్లలు దాన్ని ఫొటోలు తీసుకున్నారు. పై సున్నా కాస్త చిన్నగా ఉంటేనే ఎనిమిదికి అందమని సివిల్ హెచ్‌ఓడీ అన్నారు. రెండూ సమానంగా ఉండాలి, లేకపోతే బ్యాలెన్స్ పోతుందని మెకానికల్ హెచ్‌ఓడీ అన్నారు. నేల మీద గీసిన ముగ్గుకు బ్యాలెన్స్ ఎందుకు పోతుందని ఎవరూ అడగలేదు, ఆయన ఇంకో మూడు నెలల్లో డీన్ కాబోతున్నారు.

కింది సున్నా మొత్తం సీఎస్ఈకి ఇచ్చారు, సంఖ్య వాళ్లదే కాబట్టి. పై సున్నాలో మిగతా బ్రాంచీలన్నీ సర్దుకోవాలి. సర్దినా ఎడమ వైపు వంపు పైనుంచి కింది దాకా ఖాళీగా మిగిలింది. అప్పుడు కన్వీనర్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అని ఆ రోజే పిలిచారు కదా, పాసై వెళ్లిపోయిన పిల్లలు ఓ నూటాభై మంది దాకా చెట్ల కింద నిలబడి ఉన్నారు. వాళ్లను తెచ్చి ఎడమ వంపులో పెట్టారు. టీషర్టులన్నీ డబుల్ ఎక్స్‌ఎల్. బక్క పిల్లలు వాటిలో దూరితే గాలికి ఎగురుతున్నారు. అందులో ఉన్నవాళ్లకు రెండు రోజుల హాజరు అని మైకులో చెప్పారు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వని చోట, తగ్గిన హాజరును మన్నించమని కండొనేషన్ ఫీజు కట్టి బతికే పిల్లలకు అది చిన్న మాట కాదు. పూర్వ విద్యార్థులకు హాజరు ఎందుకో మైకు చెప్పలేదు.

రెండు సున్నాలూ తాకే చోట వీసీ గారు. ఇందులో వివాదం లేదు. వీసీ గారి పక్కన రెక్టార్ ఉండాలా రిజిస్ట్రార్ ఉండాలా అన్నదాంట్లో ఉంది. ఇద్దరూ ఉంటే ఎనిమిది నడుం లావవుతుందని సివిల్ వాళ్లు హెచ్చరించారు. చివరికి ఇద్దరూ నిలబడ్డారు. ముగ్గురికీ ఎండ. కాబట్టి ముగ్గురి మీదా గొడుగులు. పైనుంచి చూస్తే తెల్లటి ఎనిమిది నడిమధ్య మూడు నల్లటి చుక్కలు. డ్రోన్ కుర్రాడు పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు, నెల్లిమర్లలో రెండున్నరకు ముహూర్తం ఒప్పుకుని వచ్చాడు. ‘గొడుగులు తీసీమనండి సార్, బొట్టెట్టినట్టున్నాది’ అన్నాడు. గొడుగులు తీసేయమని చెప్పగలిగే అధికారి ఆ గ్రౌండులో లేడు. ఛాన్సలర్ గారు విజయవాడలో ఉన్నారు.

మొదటిసారి డ్రోన్ లేచింది, పై సున్నాలో ఈసీఈ ఆడపిల్లలు ముగ్గురు కళ్లు తిరిగి కూర్చున్నారు. రెండోసారి బ్యాటరీ అయిపోయింది. చార్జింగు పెట్టడానికి హాస్టల్ బ్లాకుకు వెళ్తే అక్కడ కరెంటు లేదు. కుర్రాడు మోటారు సైకిల్ మీద వెళ్లి రోడ్డు మీది టీ బడ్డీలో చార్జింగు పెట్టుకుని వచ్చాడు. సాంకేతిక విశ్వవిద్యాలయం సాంకేతిక ఘనతను చాటడానికి కావలసిన కరెంటు టీ బడ్డీ వాడు ఇచ్చాడని నివేదికలో రాస్తారో లేదో నాకు తెలియదు. రాస్తే పారిశ్రామిక సహకారం కింద మార్కులు రావాలి. ఈ లోగా ఎనిమిది అలాగే నిలబడి ఉంది. కదలొద్దని ఆటలు చూసే పీడీ గారు విజిల్ ఊదుతూనే ఉన్నారు. ‘ఏటి సార్, ఇంకా నిలబడాలేటి?’ అని ఎవడో అరిస్తే, వాడు ఏ బ్రాంచో కనుక్కోమని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను పంపారు.

మూడోసారి డ్రోన్ లేచింది. వంద మీటర్ల ఎత్తుకు వెళ్లింది. ‘అందరూ నవ్వాలి’ అని మైకులో చెప్పారు, వంద మీటర్ల పైనుంచి కనబడే నవ్వు. కౌంట్‌డౌన్ మొదలైంది. సరిగ్గా అప్పుడు ఎడమ వంపులో చివరనున్న కుర్రాడి ఫోన్ మోగింది. వాడు విని, పక్కవాడికి ఏదో చెప్పాడు. పక్కవాడు ఇంకొకడికి చెప్పాడు. అంతే, ఎడమ వంపు మొత్తం పరుగు తీసింది. పైనా కిందా రెండు ఎడమ వైపులూ ఖాళీ అయిపోతే ఎనిమిది ఏమవుతుందో కాగితం మీద వేసి చూసుకోండి. డ్రోన్ తీసిన ఫొటోలో మూడు ఉంది. బ్రహ్మాండమైన, తెల్లటి, గొడుగుల బొట్టు పెట్టుకున్న మూడు. నాక్ వాళ్లు దాన్ని స్కోరు అనుకుంటే బీ ప్లస్ ప్లస్.

ఫోన్‌లో వచ్చిన కబురు ఒకటే. పరీక్షల విభాగంలో మూడో కిటికీ తెరిచారు.

ఆ నూటాభై మంది సమ్మేళనానికి రాలేదు. ఓడీ కోసం వచ్చారు. ఒరిజినల్ డిగ్రీ, పట్టా. అందరూ వస్తారు, అధికారులుంటారు, ఈ రోజైనా సంతకం దొరుకుతుందేమో అని వచ్చారు. పాసై మూడేళ్లయినవాళ్లు ఉన్నారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ జిరాక్సుల జిరాక్సులు పట్టుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లు ఉన్నారు. బెంగళూరు కంపెనీ వెరిఫికేషన్‌లో ఆపేస్తే వెనక్కి వచ్చినవాడు ఒకడు, పై చదువు అడ్మిషన్ పోగొట్టుకున్న అమ్మాయి ఒకతి. అర్హత వచ్చిన 180 రోజుల్లోగా డిగ్రీ ఇవ్వాలని యూజీసీ నిబంధనల్లో 2008 నుంచీ ఉంది. నూట ఎనభై రోజులు! ఇక్కడ దరఖాస్తు ఒక టేబుల్ మీంచి పక్క టేబుల్ మీదకు వెళ్లడానికే అంత పడుతుంది. స్నాతకోత్సవం జరగనిదే ఓడీ ఇవ్వలేమంటారు. స్నాతకోత్సవం ఎందుకు జరగలేదంటే ఛాన్సలర్ గారి డేట్ దొరకలేదంటారు. హోదా పండగకు మాత్రం డేటు దొరికింది, టెంటు దొరికింది, డ్రోన్ దొరికింది, వెయ్యి టీషర్టులు దొరికాయి.

కొందరి అసలు సర్టిఫికెట్లు అసలు యూనివర్సిటీ దాకానే రాలేదు, కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి. ఒక ప్రభుత్వం తల్లి ఖాతాలో వేస్తానంది, ఇంకో ప్రభుత్వం కాలేజీ ఖాతాలో వేస్తానంది. ఏ ఖాతా అయినా రావలసినప్పుడు రాలేదు. ప్రభుత్వం కాలేజీకి బాకీ, కాలేజీ అఫిలియేషన్ ఫీజు యూనివర్సిటీకి బాకీ, ఈ ముగ్గురి మధ్యా తాకట్టు పెట్టిన వస్తువు పిల్లాడి టెన్త్ సర్టిఫికెట్. పిల్లల దగ్గర తీసుకున్న ఒరిజినల్స్ ఉంచుకోకూడదని 2018లో యూజీసీ మళ్లీ చెప్పింది. చెప్పి ఏం లాభం? ఆ కాగితం కోసం ఎండలో నిలబడ్డ పిల్లాడి తండ్రిని ఏ రిజిస్ట్రారైనా ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడాడా? ఆ తండ్రి చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాడు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో ఎంతమంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలో ఈ ప్రాంతంలో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. ఆ ఊళ్ల నుంచే ఈ పిల్లలు వచ్చారు. ఇటుకలు మోసే ఇంట్లోంచి సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చారు. చదివారు, సప్లీలు రాసి రాసి పాసయ్యారు. ఇంత చేసినవాడి చేతికి ఒక్క కాగితం ఇవ్వలేరు మీరు, మీ లెటర్‌హెడ్‌కు వయసొచ్చిందని మాత్రం వాణ్నే తెచ్చి మీ అంకెలో చుక్కగా నిలబెడతారు. సిగ్గుండాలి.

వాడు నిలబడలేదు, పరుగెత్తాడు. ఆ రోజు ఆ గ్రౌండులో జరిగిన మంచి పని అదొక్కటే.

తర్వాత సంగతి. మూడు ఫొటో నాక్‌కు పంపలేరు కాబట్టి కంప్యూటర్ సెంటర్ వాళ్లు కుడి వంపును కాపీ చేసి తిప్పి ఎడమకు అతికించారు. ఇప్పుడు ఫైల్లో ఎనిమిది ఉంది. కుడివైపు ముందు వరసలో చెప్పు తెగి ఒంటికాలి మీద నిలబడ్డ ఐటీ కుర్రాడు ఎడమవైపు కూడా ఒంటికాలి మీదే నిలబడి ఉన్నాడు. అక్షాంశం కరెక్టుగానే పడింది.

ఎడమ వంపు ఎందుకు కదిలిందో తేల్చడానికి ముగ్గురు ప్రొఫెసర్లతో విచారణ కమిటీ వేశారు. అది రెండుసార్లు కూర్చుని తేల్చింది. పూర్వ విద్యార్థులలో సంస్థ పట్ల అభిమానం సన్నగిల్లుతున్నదట. ఉత్సవ దినాల్లో పరీక్షల విభాగం కిటికీలు తెరవకుండా చూడాలట. ఎంతమంది పట్టాలు ఇంకా రాలేదో లెక్క తీయమని మాత్రం కమిటీ ఎక్కడా రాయలేదు, అది తమకు అప్పగించిన విషయాల్లో లేదట.

ఆ రోజు కిటికీ తెరిచిన గుమస్తా ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. పిల్లలు చెట్ల కింద నిలబడ్డారని చూసి, భోజనాల డ్యూటీ వదిలి, తన దగ్గరున్న తాళంతో తెరిచాడట. డ్రోన్ కిందికి దిగేలోపు పదకొండు పట్టాలు ఇచ్చాడు. విధుల్లో నిర్లక్ష్యం కింద ఆయనకు మెమో ఇచ్చారు. మెమో ఆ సాయంత్రమే ఆయన చేతికి అందింది. పేరులో తప్పు లేదు, సంతకం ఉంది, తేదీ ఉంది, గుండ్రటి సీలు కూడా ఉంది.